వేరుశనగ ఒంటిపంట నుంచి బయటికి: మూడేళ్ళ మా అనుభవం

శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి వైపు మా ఊరు. మాకు సొంతంగా రెండెకరాల ముప్పై సెంట్లు ఉంది, దానికి ఆనుకునే కౌలుకు చేసుకునే రెండెకరాలు ఉండేవి. అంతా ఎర్ర గరప నేల, అంతా వానాధారం. 2022 వేసవిలో మొదలుపెట్టి 2025 సంక్రాంతి నాటికి సొంత పొలాన్ని పూర్తిగా ప్రకృతి సేద్యంలోకి తెచ్చుకున్నాము, రైతులే గుంపుగా ఒకరి పొలాలు ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతిలో మార్పిడి కాలానికి ఇచ్చే గ్రీన్ ధ్రువపత్రం కూడా అందుకున్నాము. కౌలు పొలాన్ని మాత్రం మార్చలేకపోయాము. అదెందుకు సాధ్యపడలేదో కూడా వివరంగా రాస్తాను, నా దృష్టిలో అసలు సంగతి అక్కడే ఉంది. పక్క ఊళ్ళ నుంచి వచ్చి అడిగేవాళ్ళందరివీ ఇంచుమించు ఒకే ప్రశ్నలు: దిగుబడి పడిపోతుందా, ఎన్నాళ్ళు ఓర్చుకోవాలి, ఈలోగా అప్పు ఎట్లా తీరుతుంది? శిక్షణ తరగతుల్లో మొదటి రెంటికీ జవాబు చెబుతారు గానీ మూడోదాని జోలికి ఎవరూ పోరు. అందుకే జరిగింది జరిగినట్టు, ఖర్చులతో సహా రాస్తున్నాను.

మేము మారాలనుకున్నది ఏదో ఉపన్యాసం విని కాదు. 2021 నవంబరులో రాయలసీమంతా కురిసిన వానలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ వానలకే. అప్పటికి మా నాలుగెకరాల వేరుశనగ పీకి పొలంలోనే వాములు వేసి ఉన్నాము. నీళ్ళలో నానిన కాయలు వామిలోనే మొలకలెత్తాయి, కట్టె, అంటే కాయలు తీశాక పశువుల మేతకు మిగిలే ఎండు మొక్క, నల్లబడి పశువులు మూతి పెట్టలేదు. వ్యాపారి సగం ధరకు అడిగితే ఇచ్చేశాము. విత్తనానికి, డీఏపీకి, పురుగుమందులకు, కలుపు కూలీకి కలిపి ఎకరాకు ఇరవై నాలుగు వేల దాకా పెట్టి ఉన్నాము. ఆ మార్చిలో నా పుస్తెల గొలుసు, అత్త గాజులు బ్యాంకులోనే ఉండిపోయాయి, వడ్డీ కట్టి గడువు పొడిగించుకున్నాము. పెట్టుబడినంతా ఒకే పంట మీద, ఒకే నెలలో వచ్చే రాబడి మీద పెట్టడం ఇక మా వల్ల కాదని ఇంట్లో నలుగురికీ అర్థమైంది. అయితే దానికి బదులు ఏం చేయాలన్న దాని మీద మాత్రం నలుగురివీ నాలుగు మాటలు.

ఆ నెలలోనే గ్రామ సమాఖ్య సమావేశానికి ప్రకృతి వ్యవసాయం ఐసీఆర్పీగా, అంటే తాను చేస్తూ తోటి రైతులకు నేర్పే మనిషిగా పనిచేసే ఒకావిడ వచ్చింది. ఆవిడదీ పక్క మండలంలో మూడెకరాల మెట్టే. రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ఈ కార్యక్రమం మా ఊరికి అప్పటికే ఒకసారి వచ్చి వెళ్ళింది, ఇద్దరు ముగ్గురు చేసి మానేశారు. ఆవిడ మమ్మల్ని పొలమంతా మార్చమని అడగలేదు. "వాన రాకముందే ఒక్క ఎకరంలో నవధాన్యాలు పొడి దుక్కిలో చల్లండి, మీకు నష్టమయ్యేది గింజల ఖర్చే" అంది. వానలకు ముందే వేసే ఈ విత్తును అందరూ పీఎండీఎస్ అనే పిలుస్తారు. నాకు నచ్చింది ఆ పేరు కాదు, ఆ లెక్క. పోతే పన్నెండు పదమూడు వందలు పోతాయి, అంతకు మించి పోయేదేమీ లేదు.

ఇంట్లో అడ్డు వచ్చింది మా మామ. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేక నేను చాలా రోజులు సతమతమయ్యాను. "కాయ సంగతి అట్ల పెట్టమ్మా, కట్టె యాడనుంచి తెస్తావు?" అన్నాడు. మాకు రెండు ఎద్దులు, ఒక నాటు ఆవు ఉన్నాయి. కాయ పండకపోయినా కట్టె వస్తుందనే ధీమాతోనే మా ప్రాంతంలో చాలామంది కరవేడు కూడా శనగే (వేరుశనగను మేము శనగ అనే అంటాము) వేస్తారు. బయటినుంచి వచ్చి 'లాభం లేని పంట ఎందుకు వేస్తారు' అని అడిగేవాళ్ళు కాయ ధర చూస్తారు గానీ కట్టె వామి వైపు చూడరు. మా ఆయన బాధ వేరే. బెంగళూరులో తాపీ పనికి వెళ్ళే మనిషి కాబట్టి, విత్తిన తర్వాత పొలం చూసుకోవాల్సింది నేనూ అత్తే అని ఆయనకు తెలుసు. "ఒక సంచి మందు చల్లితే పోయేదానికి నువ్వు డ్రమ్ములు కలుపుతా కూర్చుంటావా?" అన్నాడు. అత్త ఒక్కతే నా పక్షాన మాట్లాడింది. తాను కాపురానికి వచ్చిన కొత్తలో ఇదే పొలంలో కొర్ర, సజ్జ, కంది, అనుములు, ఆముదం కలిపి వేసేవాళ్ళమని, శనగ అప్పట్లో ఒక మూలనే ఉండేదని గుర్తుచేసింది. ఆమె మాటతో మామ ఒక్క ఎకరానికి ఒప్పుకున్నాడు. కౌలు పొలం మాట నేనూ ఎత్తలేదు. ఏటా మాట మీద నడిచే కౌలులో నేల మీద పెట్టుబడి పెట్టే ధైర్యం మాకు లేదు.

2022 ఏప్రిల్, మే నెలలు తయారీకే సరిపోయాయి. ఎవరూ ముందుగా చెప్పని మొదటి ఖర్చు పశువుల కొట్టం నేలది. ఆవు మూత్రం మట్టి నేలలో ఇంకిపోతే, పేడ, మూత్రం, బెల్లం కలిపి డ్రమ్ముల్లో చేసుకునే ఎరువు జీవామృతానికి ఏమీ దొరకదు. తాడిపత్రి బండలు తెప్పించి, కొద్దిగా వాలు పెట్టి పరిపించి, చివర చిన్న గుంత కట్టించడానికి తొమ్మిది వేలయింది. మూడేళ్ళలో మేము పెట్టిన అతిపెద్ద ఖర్చు ఇదే. ఒక్కసారి పెడితే చాలు గానీ, ఆ ఒక్కసారికే చేతిలో డబ్బుండాలి. నాటు ఆవు లేనివాళ్ళు పక్కింటివాళ్ళ దగ్గర పేడ, మూత్రం కొనుక్కోవచ్చని చెబుతారు, కొన్నాళ్ళు అది సాగుతుంది కూడా. పది ఇళ్ళవాళ్ళు మొదలుపెట్టేసరికి మా ఊళ్ళో మూత్రానికి కూడా లీటరుకింత అని ధర వచ్చింది.

రెండోది నల్లబెల్లం. రెండు వందల లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గట్టు మీది పిడికెడు మట్టి కలిపితే ఎకరాకు సరిపడా ద్రవజీవామృతం తయారవుతుంది. శనగపిండి ఖరీదని మేము ఉలవలు పట్టించాము. బెల్లం కోసం వెళితే దుకాణం ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఎందుకు, ఎవరికి, ఆధార్ కార్డు ఉందా అని అడిగాడు. నాటుసారాకు వాడతారని నల్లబెల్లం అమ్మకాల మీద నిఘా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నలుగురిలో ఆ ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పడం అవమానంగా అనిపించింది. తర్వాత మా సంఘం తరపున కాగితం రాయించుకుని, అందరికీ కలిపి ఒకేసారి తెప్పించుకుంటున్నాము. ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్ళే కన్నా ఈ పద్ధతి మేలు.

విత్తనాలకు పూత పెట్టడం మాత్రం ఇంటిల్లిపాదీ ఇష్టంగా చేసిన పని. అలసంద, పెసర, ఉలవ, పిల్లిపెసర, జనుము, జొన్న, సజ్జ, కొర్ర, నువ్వు, ఆముదం, గోగు గింజలను గోనెపట్టా మీద పోసి, విత్తనానికి పట్టించే పేడ, మూత్రాల ద్రావణం బీజామృతం చిలకరించి, జల్లెడ పట్టిన చెరువు మట్టి, ఘనజీవామృతం (జీవామృతంలోనే ఎండు రకం) పొడి, బూడిద ఒకదాని మీద ఒకటి చల్లుతూ పట్టాను నాలుగు మూలలా పట్టుకుని దొర్లించాలి. నువ్వు గింజ సైతం కంది గింజంత గుళిక అవుతుంది. నీడలో ఆరబెట్టి చల్లితే చీమలు, పిట్టలు ముట్టవు, చాలినంత తడి తగిలేదాకా గింజ తొందరపడి మొలవదు. మే మొదటి వారంలో ఎండిన దుక్కిలో చల్లి గుంటక తోలాము. అటుగా పోయేవాళ్ళు గట్టు మీద నిలబడి చూసి, గింజలు మట్టిపాలు చేస్తున్నామన్నారు. వాన కోసం మూడు వారాలకు పైగా ఎదురుచూశాము. ఆ మూడు వారాలూ మా మామ పొలం వైపు వెళ్ళలేదు. మే చివర ఒక మోస్తరు వాన పడింది. నాలుగైదు రోజులకు పొలమంతా రకరకాల ఆకులతో పచ్చబడింది, ఊళ్ళో మిగతా పొలాలన్నీ అప్పటికి ఎర్రగానే ఉన్నాయి.

జూలై మొదటి పక్షం దాకా ఆ పచ్చిక కోసి పశువులకు వేశాము. ఇంట్లో కూరకు గోగాకు, అలసంద కాయలు వచ్చాయి. మామ అడిగిన కట్టె ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది. ఎండు మేత తక్కువైనా, ఎప్పుడూ వట్టి గడ్డి మీద బతికే నెలన్నర రోజులు పశువులు పచ్చిమేత తిన్నాయి. మిగిలినదాన్ని నేలలో కలియదున్ని, ఎకరాకు నాలుగు వందల కిలోల ఘనజీవామృతం చల్లి, పదును చూసుకుని వేరుశనగ విత్తాము. ఎనిమిది సాళ్ళకు ఒక కంది సాలు, గట్ల వెంట ఆముదం, పొలం చుట్టూ నాలుగు వరుసల జొన్న. ఈ జొన్న కొత్త సంగతి కాదు. 2000లో అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు వైరస్ వేరుశనగను ఊళ్ళకు ఊళ్ళే ఊడ్చేసిన తర్వాత శాస్త్రవేత్తలు చెప్పిన జాగ్రత్తే ఇది. వైరస్‌ను వయ్యారిభామ పుప్పొడితో పాటు మోసుకొచ్చే తామర పురుగులు ఈ వరుసల దగ్గరే ఆగిపోతాయి. అప్పట్లో విన్నవాళ్ళు కూడా గట్టు పక్క నాలుగు సాళ్ళు నష్టపోవడం ఎందుకని తర్వాత మానేశారు.

ఆ ఏడు వానలు ఎక్కువై సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆకుమచ్చ తెగులు విరుచుకుపడింది. కౌలు పొలంలోనూ సొంత పొలంలో మిగిలిన భాగంలోనూ మందు కొట్టాము, మార్చిన ఎకరంలో పుల్లటి మజ్జిగ చల్లాము. మందు తెగులును ఆపినంతగా మజ్జిగ ఆపలేదు. ప్రకృతి సేద్యంలో తెగుళ్ళే రావని చెప్పేవాళ్ళు మా పొలం చూసి ఉంటే ఆ మాట అనేవాళ్ళు కాదు. నూర్చి చూస్తే మందుల పొలంలో ఎకరాకు ఐదున్నర క్వింటాళ్ళు, మార్చిన ఎకరంలో మూడు క్వింటాళ్ళ ఎనభై కిలోలు వచ్చాయి. ఆ ఏటి మద్దతు ధర 5,850 రూపాయలు, మాకు కదిరిలో ఆరు వేల దాకా పలికింది. మందుల పొలంలో ఖర్చులు పోగా ఎకరాకు తొమ్మిది వేలు మిగిలితే, ఇందులో ఏడు వేల పైచిలుకు మిగిలింది. జనవరిలో కంది డెబ్బై కిలోలు వచ్చాక ఇదే రెండు వేలకు పైగా ముందుకు పోయింది. కాగితం మీద ఈ లెక్క బాగానే ఉంటుంది. నవంబరులో వేరుశనగ ఒక్కసారిగా అమ్మితే వచ్చే డబ్బు నేరుగా బ్యాంకుకు పోతుంది. కంది, ఆముదం, అలసందల డబ్బు నాలుగు నెలల పొడుగునా కొంచెం కొంచెంగా వచ్చి ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. బ్యాంకు గడువు మాత్రం వేరుశనగ పంటకాలం ప్రకారమే ఉంటుంది. ఇల్లు గడవడం సులువైంది, అప్పు తీర్చడం కష్టమైంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండునని చాలామంది నాతో అన్నారు. అందుకే రెండో ఏటి నుంచి కంది డబ్బును ముట్టకుండా పొదుపు సంఘంలో జమ చేసి, ఒకేసారి తీసి బ్యాంకుకు కడుతున్నాము.

ఇంకో ఖర్చు ఏ లెక్కలోనూ రాదు. అది ఆడవాళ్ళ పని. డ్రమ్ము రోజుకు రెండుసార్లు కలపాలి, వడగట్టాలి, పదిహేను రోజులకోసారి చల్లాలి. కలుపు మందు లేదు కాబట్టి తొలిక పట్టుకుని కూర్చోవాలి. కూలికి పిలిస్తే మనిషికి మూడు వందలు, పిలవకపోతే మా నడుములు. ఖర్చు తగ్గిందని చెప్పే ప్రతి లెక్కలోనూ ఇంటి ఆడవాళ్ళ పనిని సున్నా కింద వేస్తున్నారు. నా రోజుకు కూడా కూలి కట్టి చూస్తే మొదటి ఏడు మాకు మిగిలింది మందుల పొలం కంటే తక్కువే. ఇది తెలిసీ నేను ఆగలేదు, కానీ తెలియకుండా ఎవరూ మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. యూరియా బస్తా 266 రూపాయల యాభై పైసలకు దొరుకుతున్నంత కాలం, దానికి పోటీగా నిలబడేది మా ఒళ్ళే.

2023లో సొంత పొలంలో రెండెకరాలకు పెంచాము. కౌలు పొలంలో కూడా గట్టు వెంట అరెకరం నవధాన్యాలు చల్లి చూశాము. మే వానలు కలిసొచ్చాయి, జూలైలో శనగ విత్తాము. ఆ తర్వాత ఆగస్టు నెల మొత్తం ఆకాశం తెరిపిగానే ఉండిపోయింది. దేశమంతటా 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదని తర్వాత వాతావరణ శాఖ ప్రకటించింది, కానీ మాకు ఆ ప్రకటన అవసరం లేకపోయింది. ఊడలు దిగే సమయంలో తడి లేకపోతే కాయ ఊరదు. ఒక సాయంత్రం మామ తొలిక తీసుకుని ముందు కౌలు పొలంలో తవ్వాడు. జానెడు లోతు దాకా మట్టి పొడిపొడిగా రాలింది. తర్వాత మా పొలంలో ఆకు చెత్త పక్కకు తీసి తవ్వాడు. నాలుగు వేళ్ళ లోతున మట్టి ముద్ద కట్టింది, తెల్లటి సన్నని వేళ్ళు కనిపించాయి, ఒక వానపాము కూడా బయటపడింది. ఆయన ఏమీ అనలేదు. మరుసటి రోజు తెల్లవారకముందే డ్రమ్ము కలిపే కట్టె ఆయన చేతిలో ఉంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ పని ఆయనదే.

అంతమాత్రాన కరవును జయించామని చెప్పను. కౌలు పొలంలో ఎకరాకు క్వింటాలు కూడా రాలేదు, పీకి కట్టె కింద వాడుకున్నాము. మా పొలంలో ఎకరాకు క్వింటాలున్నర శనగ, అంతర సాళ్ళలో వేసిన కొర్ర రెండెకరాలకు కలిపి మూడు క్వింటాళ్ళ లోపు, కొంచెం ఆముదం వచ్చాయి. ఈశాన్య రుతుపవనం కూడా ముఖం చాటేయడంతో కంది సరిగా నిలవలేదు. పెట్టిన ఖర్చు చేతికి వచ్చింది, అంతే. మా ఆయన సెప్టెంబరులోనే బెంగళూరు వెళ్ళిపోయాడు. దీపావళికి కూడా రాలేదు. బ్యాంకు నుంచి బంగారం వేలం నోటీసు వచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆయన పంపిన డబ్బుతోనే ఆ గండం గడిచింది. మా సేద్యాన్ని ఆ ఏడు నిలబెట్టింది జీవామృతం ఒక్కటే కాదు, బెంగళూరు కూలి కూడా. బయట సంపాదన లేని ఇల్లయితే, మారిన రెండో ఏడే ఇట్లాంటి కరవు ఎదురైతే, ఆ ఇంటివాళ్ళు మళ్ళీ పాత దారికే పోయినా వాళ్ళను తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

ఇక్కడ ఒక ఉపయోగకరమైన విషయం చెప్పాలి. ఆ ఏడు మా మండలాన్ని కరవు మండలంగా ప్రకటించారు. పెట్టుబడి రాయితీ ఈ-క్రాప్ నమోదును, అంటే ఏ పొలంలో ఏ పంట ఉందో ప్రభుత్వం రాసుకునేదాన్ని బట్టి వస్తుంది. మా పొలంలో పది రకాల పైర్లు ఉంటే, నమోదుకు వచ్చిన అమ్మాయి ప్రధాన పంట ఏమిటని అడిగింది. మేము ఆమెను పొలంలోకి తీసుకెళ్ళి, సాళ్ళు లెక్కించి చూపించి వేరుశనగ అని రాయించుకున్నాము. పక్క పొలంలో ఎవరూ లేని వేళ నమోదు జరిగి, గట్టు మీది పైరు పేరు పడింది. వాళ్ళు దాన్ని సరిచేయించుకోవడానికి నెలల తరబడి తిరిగారు. మా డబ్బు మరుసటి మార్చిలో ఖాతాలో పడింది. కలిపి వేసే పంటలు ఉన్నవాళ్ళు నమోదు రోజున పొలంలో తప్పకుండా ఉండాలి, రసీదు ఫోటో తీసి పెట్టుకోవాలి.

పీజీఎస్ పని కూడా 2023లోనే మొదలైంది. ఎగుమతి చేసేవాళ్ళు వాడే ఎన్‌పీఓపీ పద్ధతిలో బయటి సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది, ఆ ఖర్చు రెండెకరాల రైతు భరించగలిగేది కాదు. పీజీఎస్‌లో కనీసం ఐదుగురు రైతులు గుంపుగా ఏర్పడి, ప్రతిజ్ఞ రాసి, ఒకరి పొలాలు ఒకరు తనిఖీ చేసుకుంటారు. గాజియాబాదులోని జాతీయ సేంద్రియ, ప్రకృతి వ్యవసాయ కేంద్రం దీన్ని దేశమంతటా చూస్తుంది. మేము ఏడుగురం చేరాము, అందులో ఐదుగురం ఆడవాళ్ళం. మా దగ్గర ఎవరూ రుసుము తీసుకోలేదు, జిరాక్సులకు, ఛార్జీలకు మాత్రమే ఖర్చయింది. ఆలస్యమంతా కాగితాల దగ్గరే జరిగింది. ఒకరి పాసుపుస్తకం చనిపోయిన మామగారి పేర ఉంది, ఇంకొకరి ఆధార్‌లో పేరు వేరేగా ఉంది. జూన్‌లో మొదలుపెడితే గ్రీన్ ధ్రువపత్రం చేతికి వచ్చేసరికి మరుసటి ఏడు ఏప్రిల్ అయింది. మార్పిడి కాలంలో ఇచ్చేది ఈ గ్రీన్, అది పూర్తయ్యాకే ఆర్గానిక్ ఇస్తారు.

తనిఖీ అంటే లాంఛనమే అనుకున్నాము. అది మా మధ్య మాటలు పెరిగేదాకా వచ్చింది. ఒకావిడ కొర్రలను ఖాళీ యూరియా సంచుల్లో పోసి పెట్టింది. ఉతికి ఆరబెట్టిన సంచులే, మా ఊళ్ళో అందరూ వాడేవే. నిబంధన ప్రకారం అవి పనికిరావు. ఆవిడకు చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు, చెప్పాక వారం రోజులు ఆవిడ మాతో మాట్లాడలేదు. తర్వాత అందరం కలిసి కొత్త గోనెలు కొన్నాము. ఒకే స్ప్రేయర్‌ను మందులకు, కషాయాలకు వాడటం కూడా కుదరదు, మాకు కొత్తది కొనక తప్పలేదు. పక్క పొలం వాళ్ళు మందు కొట్టినప్పుడు గాలికి మా వైపు పడకుండా గట్టు వెంట జొన్న, ఆముదం దట్టంగా ఉంచాలి. వైరస్ కోసం వేసిన జొన్న వరుసలు ఇక్కడ రెండో పనికి వచ్చాయి.

పత్రం వచ్చాక ధర పెరుగుతుందని ఆశపడినవాళ్ళకు నిరాశే ఎదురైంది. వేరుశనగ కొనే వ్యాపారికి ఆ కాగితంతో పనిలేదు, ఆయన చూసేది గింజ నాణ్యత, తేమ. తేడా వచ్చింది మేమే దాన్ని తినే సరుకుగా మార్చి అమ్మినప్పుడు. క్వింటాలు కాయలు ఒలిచి గానుగ ఆడిస్తే ఇరవై ఐదు లీటర్ల పైన నూనె వచ్చింది, మా ఆయన పనిచేసే బెంగళూరు అపార్టుమెంటులో లీటరు మూడు వందలకు అమ్ముడుపోయింది. చెక్క పశువులకు మిగిలింది. సీసాల్లో పోసి అమ్మేవాళ్ళు ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ సంస్థ దగ్గర నమోదు చేయించుకోవాలి, అప్పట్లో చిన్న వ్యాపారానికి ఏడాదికి వంద రూపాయలే. సంక్రాంతి ముందు అనపకాయలకు ఉండే గిరాకీ మాత్రం ఏ పత్రమూ అడగదు. పితికిన పప్పు కోసం ఊళ్ళోవాళ్ళే వచ్చి పొలం దగ్గర కొనుక్కుని వెళ్ళారు.

2024 వానలు మాకు అనుకూలించాయి. సొంత పొలం మొత్తం ప్రకృతి సేద్యంలోనే వేశాము. ఎకరాకు నాలుగు క్వింటాళ్ళ అరవై కిలోల శనగ వచ్చింది, ఖర్చు నా కూలితో కలిపి పద్నాలుగు వేలు. పక్కన మందుల పొలాల్లో ఐదు దాకా వచ్చింది, ఖర్చు ఇరవై ఆరు వేలు దాటింది. అత్త గాజులు డిసెంబరులో విడిపించాము. నా గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది.

కౌలు పొలం సంగతి ఆ ఏడు మే నెలలోనే తేలిపోయింది. ముందటేడు గట్టు వెంట నవధాన్యాలు వేసిన అరెకరంలో మట్టి రంగు మారడం యజమాని గమనించాడు. "నేల బాగుపడింది కదా, ఎకరాకు ఆరు వేలు ఇవ్వండి" అన్నాడు. అప్పటిదాకా ఇస్తున్నది నాలుగు వేలు. మూడేళ్ళకు రాసిస్తే ఐదు వేలు ఇస్తామన్నాము, రాతకు ఒప్పుకోలేదు. 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగుహక్కు కార్డుకు ఆయన సంతకం కావాలి, దానికీ ఒప్పుకోలేదు. ఆ కార్డు వచ్చినా గడువు పదకొండు నెలలే. నేల కోలుకోవడానికి మూడేళ్ళు పట్టే పనిని పదకొండు నెలల కాగితం మీద ఎవరు చేస్తారు? ఆ ఏడు ఆ రెండెకరాల్లో మళ్ళీ డీఏపీ వేసి శనగే పండించాము, ఎందుకంటే ఆ పొలంలో మాకు హక్కు ఉన్నది ఆ ఏటి పంట మీద మాత్రమే. 2025 జనవరిలో పొలం వదిలేశాము. కౌలురైతులు మొండివాళ్ళని, కొత్తది నేర్చుకోరని సమావేశాల్లో వింటుంటాను. ఒకే చేతులతో, ఒకే ఏడు, గట్టుకు అటూ ఇటూ రెండు రకాల సేద్యం చేసినదాన్ని నేను. తేడా మా బుర్రలో లేదు, పట్టాలో ఉంది.

కేంద్రం 2024 నవంబరులో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను 2,481 కోట్లతో ఆమోదించిందని తెలిసినప్పుడు మా సంఘంలో అందరం సంతోషించాము. ఆ డబ్బులో శిక్షణకు పోయేది పోగా, కొట్టం నేల పరచుకోవడానికి, మొదటి రెండేళ్ళ లోటు పూడ్చుకోవడానికి, కౌలురైతుకు యజమానితో రాతకోతలు చేయించడానికి కొంత దక్కితే మా ఊళ్ళో మానేసిన ఇళ్ళలో సగం మళ్ళీ మొదలుపెడతాయి. మానేసినవాళ్ళతో నేను విడివిడిగా మాట్లాడాను. ఈ సేద్యం మీద నమ్మకం పోయి మానేసినవాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు. ఒకరికి ఆవు చనిపోయింది, ఒకరి కౌలు పోయింది, ఒకరి కోడలు ప్రసవానికి వెళ్ళి డ్రమ్ము కలిపే మనిషి లేకుండా పోయింది.

ఈ ఏడు మా ఆయన మేనమామ దగ్గర ఎకరం తీసుకున్నాము. ఈసారి స్టాంపు కాగితం మీద మూడేళ్ళకు రాయించుకున్నాము: ఏడాదికి నాలుగున్నర వేలు, మధ్యలో పెంచకూడదు, కంది కోసేదాకా అంటే జనవరి చివరి దాకా పొలంలో పశువులను వదలకూడదు, గట్టు మీది కానుగ, వేప ఆకు కోసుకోవచ్చు. బంధువు దగ్గర కాగితం అడగడం మామకు ఇబ్బందిగా ఉండింది, మేనమామే "రాసుకుంటే ఇద్దరికీ మంచిది" అని సంతకం పెట్టాడు. కౌలు పొలంలో మొదలుపెట్టాలనుకునేవాళ్ళు విత్తనాల కన్నా ముందు ఈ కాగితం సంగతి చూసుకోండి. నవధాన్యాల గింజలు మా సంఘంలో నిల్వ ఉన్నాయి, కావలసినవాళ్ళు ఏప్రిల్ రెండో వారం లోపు అడిగితే పూత పెట్టే పనికి మేమే వస్తాము.